తాత కళ్ళు

"కావాలనే తప్పు చదివినాడు. నేను చెబుతున్నా విను, కావాలనే!"

ఆదిశేషమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు. మూడు రోజులుగా బిట్రగుంట రైల్వే కాలనీలోని ఆ ఇంట్లో ఆమె భర్త, రైలు గార్డు పద్మనాభయ్య అంటున్న మాట అదొక్కటే.

"చుక్కలు కనపడినాయి. చుక్కలున్నాయని చెప్పినా," అన్నాడు మాల్యాద్రి. "అంకె కనపడందే ఎట్టా చెప్పేది నాన్నా?"

"పదిహేడు మంది పోయినారు ఆ పరీక్షకు. పదహారు మందికి కనపడింది. నీకొక్కడికే కనపడలేదా?"

"నాకు కనపడలేదు."

"నీకు కాలేజీకి పోవాలని ఉంది. ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్ పని వద్దని పోయిన ఏడు నువ్వే అన్నావు. ఇప్పుడు కళ్ళు అడ్డం పెట్టుకున్నావు."

మాల్యాద్రికి పంతొమ్మిదేళ్ళు. కంటి పరీక్షలో పనికిరాడని ఇచ్చిన కాగితం మూడు రోజులుగా కిటికీలోనే ఉంది. దాన్ని అక్కణ్ణుంచి ఎవరూ తీయలేదు.

వరండాలో పడక్కుర్చీలో కూర్చున్న చెంచురామయ్య ఈ మాటలన్నీ వింటూనే ఉన్నాడు. ఆయన ఆదిశేషమ్మ తండ్రి. ముప్పై ఏళ్ళు ఇంజను నడిపి, పదేళ్ళ కిందట దిగాడు. భార్య కామాక్షమ్మ పోయినప్పటి నుంచి కూతురి దగ్గరే ఉంటున్నాడు. మనవడి తరపున గానీ, అల్లుడి తరపున గానీ ఆయన నోరు తెరవలేదు.

"అయితే కావలి పోదాం పదండి," అంది ఆదిశేషమ్మ. "అక్కడ కళ్ళ డాక్టరమ్మ ఉంది. వాడు అబద్ధమాడుతున్నాడో లేదో ఆమే చెబుతుంది."

* * *

డాక్టర్ కరుణాకుమారి వాళ్ళను కూర్చోమని, బల్ల సొరుగులోంచి ఒక పుస్తకం తీసింది. పేజీ నిండా రంగురంగుల చుక్కలు.

"ఇందులో ఏముంది బాబూ?"

మాల్యాద్రి చాలాసేపు చూశాడు. "ఇరవై ఒకటి."

"మీకు?" అని తండ్రి వైపు తిప్పింది.

"డెబ్బై నాలుగు. అంత స్పష్టంగా ఉంటే ఇరవై ఒకటంటాడేమిటి డాక్టరమ్మా? చూసినారా!"

"చూశాను. మీకు ఇందులో ఇరవై ఒకటి ఎక్కడన్నా కనిపిస్తోందా? నిదానంగా చూడండి."

పద్మనాభయ్య కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "లేదు."

"నాకూ కనిపించదు. మామూలు చూపున్న వాళ్ళకు అక్కడ డెబ్బై నాలుగు తప్ప మరొకటి దొరకదు. ఎరుపూ పచ్చా విడదీయలేని కంటికే అది ఇరవై ఒకటిగా కనిపిస్తుంది. నటించాలనుకున్నా మీవాడికి ఆ అంకె తెలిసే దారి లేదు. అబద్ధమాడలేదు."

మాల్యాద్రి తండ్రి ముఖంలోకి చూడలేదు. గోడమీది అక్షరాల పటాన్ని చూస్తూ కూర్చున్నాడు.

"మందేమన్నా ఉందా?" అంది ఆదిశేషమ్మ.

"లేదమ్మా. ఇది జబ్బు కాదు. పుట్టుకతో వచ్చింది. జీవితాంతం ఇట్లాగే ఉంటుంది, పెరగదు, తరగదు."

"పుట్టుకతో అంటే, నేను కడుపుతో ఉన్నప్పుడు ఏమన్నా..."

"నువ్వు చేసిందేమీ లేదు." డాక్టరు మందుల చీటీ తిప్పి, దాని వెనక గీతలు గీయడం మొదలుపెట్టింది. "మన ఒంట్లో ప్రతి కణంలోనూ సన్నని పోగుల్లాంటివి ఉంటాయి. క్రోమోజోములంటారు. నేను చదువుకునే రోజుల్లో నలభై ఎనిమిదని చెప్పారు, అట్లాగే రాసి పాసయ్యాను. అయిదారేళ్ళ కిందట సరిగ్గా లెక్కపెడితే నలభై ఆరే తేలింది. సగం తల్లివి, సగం తండ్రివి. జుట్టు ఎట్లా ఉండాలి, ముక్కు ఎట్లా ఉండాలి అనే ఆజ్ఞలన్నీ ఆ పోగులమీద వరసగా ఉంటాయి. వాటిని జన్యువులంటారు."

"ముక్కు నాది," అన్నాడు పద్మనాభయ్య.

"ముక్కు మీదే కావచ్చు. చూపు మీది కాదు. ఆడదానికి ఎక్స్ అనే పోగులు రెండుంటాయి. మగవాడికి ఒక ఎక్స్, దాని పక్కన వై అని ఒక పొట్టిది. కొడుక్కి తండ్రి ఇచ్చేది ఆ పొట్టిదే. ఎక్స్ తల్లి దగ్గర్నుంచే రావాలి. ఎరుపూ పచ్చా చూసే జన్యువు ఉండేది ఆ ఎక్స్ మీద."

ఆదిశేషమ్మ కాగితం మీదికి వంగింది. "అయితే నా దాంట్లో ఉందా లోపం? నాకు అన్నీ కనపడతాయే!"

"నీకు రెండున్నాయి. ఒకటి చెడితే రెండోది కాపాడుతుంది. వాడికి ఉన్నది ఒక్కటే, అదే చెడ్డది వచ్చింది."

"నాకెట్టా వచ్చింది?"

"నీ తండ్రికి రంగులు తెలియకపోతే ఆయన దగ్గర్నుంచి తప్పకుండా వచ్చినట్టే. ఆయనకున్న ఒక్క ఎక్స్ కూతురికి రాక తప్పదు. ఆయన చూపు బాగుంటే మీ అమ్మ దగ్గర్నుంచి. ఆమెకూ నీలాగే లోపల దాగి ఉండి ఉంటుంది. నాన్నగారు ఉన్నారా? ఏం పని చేసేవారు?"

ఆదిశేషమ్మ బదులు చెప్పేలోగా పద్మనాభయ్య చెప్పాడు. "ఇంజను డ్రైవరు. ముప్పై ఏళ్ళు."

"అయితే అమ్మ వైపే అయివుంటుంది," అని డాక్టరు పుస్తకం మూసేసింది.

* * *

ఇంటికి వచ్చాక, కాళ్ళు కడుక్కుంటూనే పద్మనాభయ్య మొదలుపెట్టాడు.

"మీ అమ్మ తెచ్చిపెట్టింది ఇది. విన్నావు గదా? మా వంశంలో ఒక్కడికి లేదు."

"మీ వంశంతో పనిలేదని డాక్టరమ్మ చెప్పింది గదా."

"అదే నేను చెప్పేది. మామకు ఎన్నిసార్లు కళ్ళు చూసి ఉంటారు! ఆయనకు లేదు. మీ అమ్మే. చూడ్డానికి చక్కని మనిషి, లోపల ఇది పెట్టుకుని ఈ ఇంటికి పంపింది."

చచ్చిపోయిన భార్య మీద ఎవరైనా ఒక్కమాట తూలితే చెంచురామయ్య ఊరుకోడు. ఒకసారి సొంత తమ్ముణ్ణి ఇంట్లోంచి వెళ్ళగొట్టాడు. అందుకే ఆదిశేషమ్మ భయపడి వరండా వైపు చూసింది.

ముసలాయన చేతిలోని పత్రికను నాలుగు మడతలు పెట్టాడు. మళ్ళీ విప్పాడు. "అమ్మాయ్, అన్నం పెట్టు," అన్నాడు.

ఆ ఒక్క మాట దగ్గర ఆదిశేషమ్మ ఆగిపోయింది.

చిన్నప్పటి సంగతి ఒకటి ఆమెకు గుర్తొచ్చింది. అమ్మ నాయనకు ఏది అందించినా దాని రంగు కూడా చెప్పేది. "ఇదిగో ఎర్ర సీసా." "పచ్చ సంచి తీసుకుపొండి." "ఎర్ర అంచు పంచె ఇక్కడుంది." అది అమ్మ మాట తీరు అనుకుంది ఆదిశేషమ్మ. ఇన్నేళ్ళూ అట్లాగే అనుకుంటూ వచ్చింది.

మర్నాడు భర్త డ్యూటీకి వెళ్ళగానే, ఆమె సంతలో తెచ్చిన మిరపకాయలు చేటలో పోసి తండ్రి ముందు పెట్టింది. పండువీ పచ్చివీ కలిసి ఉన్నాయి.

"పచ్చడి నూరాలి నాయనా. పండువి ఏరి ఈ గిన్నెలో వెయ్యి."

చెంచురామయ్య ఏరడం మొదలుపెట్టాడు. ఒక్కటి కూడా తప్పు వెయ్యలేదు. ఆదిశేషమ్మకు ఊపిరి తేలికైంది. లోపలికి పోబోయి, మళ్ళీ ఆగి ఆయన చేతుల్ని చూసింది. ఆయన ప్రతి కాయనూ బొటనవేలితో నొక్కుతున్నాడు. మెత్తగా ఉన్నది గిన్నెలోకి. గట్టిగా ఉన్నది చేటలోకి. కళ్ళు ఎదురుగా ఉన్న గోడమీద ఉన్నాయి.

ఆమె ఆయన ముందు కూర్చుంది.

"నొక్కకుండా ఏరు నాయనా."

ఆయన చెయ్యి ఆగింది.

"మా అమ్మను అంత మాటంటే ఎందుకు ఊరుకున్నావు?"

"అనేవాడికి తెలీదు గదమ్మా," అన్నాడు చెంచురామయ్య. "తెలిసినవాణ్ణి నేను. నేనేమని కోప్పడేది?"

"అమ్మకు తెలుసా?"

"పెళ్ళైన నెలలోనే కనిపెట్టింది. తర్వాత ఓబులేసుకు తెలుసు, నా ఫైర్‌మన్. ఇంకెవరికీ తెలీదు."

"మరి ఉద్యోగం ఎట్టా ఇచ్చినారు?"

"అది రైళ్ళు తెల్లవాళ్ళ కంపెనీ చేతిలో ఉన్న కాలం. ఈ చుక్కల పుస్తకం లేదు. ఊలు పోగులు కుప్ప పోసి, ఎర్రవి ఏరమన్నారు. నా ముందు వాడు ఏవి ఏరినాడో చూసుకుని అవే ఏరినా. తర్వాతి పరీక్షల్లోనూ అంతే." ఆయన గొంతులో ఎత్తు గానీ, దించు గానీ లేదు. "పగలు సిగ్నలు రెక్క పైకుందా, వాలిందా చూస్తే చాలు. రంగుతో పని లేదు. రాత్రిపూట ఓబులేసు అరిచి చెప్పేవాడు. అరవడం వాడి డ్యూటీయే. ఎవరికీ అనుమానం రాలేదు."

"ఎప్పుడూ పొరపాటు జరగలేదా?"

చెంచురామయ్య చేటలోని కాయల్ని అటూ ఇటూ కదిపాడు.

"నాయనా. తుపాను రోజు ఫైర్‌మన్ ఓబులేసేనా?"

"ఓబులేసుకు జ్వరం," అన్నాడాయన.

ఆ తుపాను సంగతి కాలనీలో అందరికీ తెలుసు. ఇరవై ఒక్కేళ్ళ కిందట, కావలికి అవతల ఒక చిన్న స్టేషన్లో గూడ్సు బండి ఆగి ఉంది. గాలికి తీగ తెగి సిగ్నలు పనిచెయ్యలేదు. పట్టాలు మార్చే పని చేసే ముత్యాలయ్య అనే పాయింట్స్‌మన్ ఆ రాత్రి వానలో పట్టాల పక్కన నిలబడి చేతిదీపం చూపించాడు. చెంచురామయ్య నడుపుతున్న ప్యాసింజరు ఆగకుండా వచ్చి గూడ్సు వెనక పెట్టెను కొట్టింది. ఆ పెట్టెలో బ్రేకు చూసుకుంటూ ఉన్న బ్రేక్స్‌మన్ నరసయ్య చచ్చిపోయాడు.

ముత్యాలయ్య ఎర్రదీపం చూపించానన్నాడు. చెంచురామయ్య పచ్చదీపం చూశానన్నాడు. విచారణకు వచ్చినవాళ్ళు దీపాన్ని పరీక్షించారు. దాని చుట్టూ తిరిగే అద్దం పచ్చ దగ్గర ఆగి ఉంది. ముత్యాలయ్య ఉద్యోగం పోయింది.

ఇప్పుడతను సోమవారం సోమవారం జువ్వలదిన్నె నుంచి ఎండుచేపల గంపలు ఎద్దుబండి మీద స్టేషనుకు తెస్తాడు. కాలనీ పిల్లలు అతన్ని చూసి "ఎర్రదీపం, ఎర్రదీపం" అని అరుస్తారు. మాల్యాద్రి కూడా చిన్నప్పుడు అరిచినవాడే.

"నాకు పచ్చగానే అనిపించింది," అన్నాడు చెంచురామయ్య. "కొత్త ఫైర్‌మన్ వంగి బొగ్గు వేస్తున్నాడు, వాడు చూడలేదు. నేను అబద్ధం చెప్పలేదమ్మా. నా కళ్ళను నమ్మకూడదని మాత్రం వాళ్ళకు చెప్పలేదు."

లోపలి గుమ్మంలో మాల్యాద్రి నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో ఇద్దరూ చూడలేదు.

"తాతా, నాన్న నన్ను ఆ పరీక్షకు పంపేటప్పుడు ఒక్కమాట చెప్పొచ్చు గదా!"

"నీకు కూడా ఉంటుందని నాకేం తెలుసురా? నేనొక్కణ్ణే ఇట్టా పుట్టినాననుకున్నా."

* * *

సాయంత్రం ఇంటికి వచ్చిన పద్మనాభయ్యకు ఆ సంగతి ఆదిశేషమ్మే చెప్పింది. ఆయన టోపీ తీసి బల్లమీద పెట్టాడు. చాలాసేపు టోపీనే చూశాడు.

"నేను గార్డునైన కొత్తల్లో నాలుగేళ్ళు మీ బండికే వచ్చినా మామా. వెనక పెట్టెలో కూర్చుని."

"అవును."

"ఇంట్లో ఇది చంటిబిడ్డతో ఉండింది."

"ఓబులేసు ఉన్నాడు గదా అబ్బాయ్."

"ఓబులేసుకు ఇంకోసారి జ్వరం వచ్చి ఉంటే?"

చెంచురామయ్య తల వంచుకున్నాడు.

"సరే, అయిందేదో అయింది. ఈ మాట ఈ గడప దాటకూడదు. ఈ కాలనీలో నేను రేపు కూడా డ్యూటీకి పోవాలి. నా చేతిలోనూ దీపం ఉంటుంది."

"మా అమ్మ మీద వేసేటప్పుడు గడప గుర్తురాలేదా మీకు?" అంది ఆదిశేషమ్మ. "వీధికి వినపడేట్టు అన్నారు గదా."

"అది వేరు."

"ఎట్టా వేరు? మా అమ్మ లేదు గాబట్టి ఆమె మీద వెయ్యచ్చు. ముత్యాలయ్య చేపలమ్ముకునేవాడు గాబట్టి వాడి మీద వెయ్యచ్చు. అంతేనా?"

పద్మనాభయ్య లేచి చొక్కా విప్పకుండానే బయటికి వెళ్ళిపోయాడు. అన్నానికి రాలేదు.

సోమవారం ఉదయం చెంచురామయ్య కోటు తెమ్మన్నాడు. ఎక్కడికని కూతురు అడగలేదు. చెప్పులు వేసుకుని తనూ బయల్దేరింది. పద్మనాభయ్య గడ్డం గీసుకుంటూ అద్దంలోంచి ఇద్దర్నీ చూశాడు.

పార్సిలు ఆఫీసు ముందు ముత్యాలయ్య గంపలు దింపుతున్నాడు. జుట్టు నెరిసినా చేతులు గట్టిగా ఉన్నాయి. చెంచురామయ్యను చూసి పక్కకు తప్పుకోబోయాడు. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పనే అది.

"ముత్యాలయ్యా, నీతో ఒక మాట."

"నాతోనా డ్రైవరయ్యా?"

"నువ్వు చూపించింది ఎర్రదీపమే. నా కళ్ళకు ఎరుపూ పచ్చా తెలీదు. పుట్టినప్పటి నుంచీ అంతే. మా మనవడికీ అదే వచ్చింది."

ముత్యాలయ్య చేతిలోని గంపను మెల్లగా కింద పెట్టాడు. కోపం వస్తుందనుకుంది ఆదిశేషమ్మ. రాలేదు. అతను కొంచెం ముందుకు వంగి, చెవిటివాడిలా "మళ్ళీ చెప్పండి," అన్నాడు.

చెంచురామయ్య మళ్ళీ చెప్పాడు.

"నేను కింద పడినప్పుడు దీపం దొర్లింది. అప్పుడు అద్దం తిరిగిందో, ముందే నేను తప్పు తిప్పినానో..." ముత్యాలయ్య తన అరచేతులు చూసుకున్నాడు. "మొదట్లో గట్టిగానే చెప్పినానయ్యా, ఎర్రదే అని. పదేళ్ళు పోయినాక నాకే నమ్మకం పోయింది. చెప్పడం మాత్రం మానలేదు."

"నేనేం చెయ్యాల్నో చెప్పు. ఆఫీసుకు రమ్మన్నా వస్తా."

"ఆఫీసు ఎందుకు నాకిప్పుడు? బండెక్కండి. మా ఇంటికొచ్చి, మా ఆడమనిషితో చెప్పండి. ఆ నరసయ్య ఎవరనుకున్నారు? దాని తమ్ముడే. వాడికి ఆ పని ఇప్పించింది నేను."

* * *

బండి జువ్వలదిన్నె చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. దారిలో ముత్యాలయ్య చెప్పిందంతా ఒకటే సంగతి. భార్య గురవమ్మ అతన్ని వదిలిపోలేదు. కూడు వండి పెడుతుంది. కానీ తమ్ముడు పోయిన నాటి నుంచి అతనితో నేరుగా మాట్లాడదు. చెప్పవలసింది ఏదైనా ఉంటే పక్కింటివాళ్ళకు చెబుతుంది, అతను వింటాడు.

గురవమ్మ ఇసకలో పరిచిన చేపల్ని తిరగేస్తూ ఉంది. బక్కపల్చని మనిషి. కోటు వేసుకున్న ముసలాయన తన ముందు నిలబడి చెప్పిందంతా, చేతిలో చేపతోనే విన్నది. ముత్యాలయ్య బండి దగ్గరే ఉండిపోయాడు.

"ఈ సంగతి ఎన్నాళ్ళ నుంచి తెలుసయ్యా నీకు?" అంది.

"ఇరవై రెండేళ్ళ వయసు నుంచి."

"తెలిసీ బండెందుకెక్కినావు?"

ఆదిశేషమ్మ తండ్రి వైపు చూసింది. ఆ ప్రశ్న తను అడగలేదు. తన భర్తా అడగలేదు.

"మా ఊళ్ళో అందరూ మడి దున్నుకునేవాళ్ళే," అన్నాడు చెంచురామయ్య. "ఇంజను తోలేవాడు ఒక్కడూ లేడు. నేను తోలాలనుకున్నా. అంతకంటే కారణం లేదమ్మా. నా వల్ల ఒకడు పోతాడని అనుకోలేదు. పోయినాక దిగిపోయి ఉండాల్సింది. దిగలేదు."

గురవమ్మ చేపను ఇసకమీద పెట్టింది. ఏడుస్తుందేమోనని ఆదిశేషమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. ఆమె ఏడవలేదు.

"నాకొక్కదానికి చెబితే చాలదు. మా పెద్దలు సముద్రం మీద ఉన్నారు. తెరచాపలు కనపడతా ఉన్నాయి చూడు, వచ్చేస్తారు. వాళ్ళందరి ముందరా చెప్పు. మా తమ్ముణ్ణి సొంత బావే చంపినాడని అన్నది వాళ్ళే."

"చెబుతా."

"పెద్దాయనను వదిలెయ్యండి," అన్నాడు ముత్యాలయ్య బండి దగ్గర్నుంచి, ఎవరితోనో అన్నట్టు. "చెప్పినాడు గదా. నాకిది చాలు."

గురవమ్మ వెనక్కి తిరిగింది.

"నువ్వు ఊరుకో," అంది. "ఇరవై ఒక్కేళ్ళు అరిచినావు, ఒక్కడన్నా విన్నాడా? ఇంక నేను మాట్లాడతా."

ముత్యాలయ్య భార్య ముఖంలోకి చూశాడు. ఆమె అన్నది తననేనా అని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. వెనక ఎద్దులు తప్ప ఎవరూ లేరు. చక్రం పట్టుకుని అక్కడే ఇసకలో కూలబడ్డాడు.

ఒడ్డున కేకలు మొదలయ్యాయి. మొదటి పడవ ఇసకను తాకింది. పిల్లలు తాళ్ళు పట్టుకోవడానికి పరుగెత్తారు. చెంచురామయ్య కోటు బొత్తాలు పెట్టుకున్నాడు.

అప్పుడు ఆదిశేషమ్మ చూసింది. ఊళ్ళోంచి వచ్చే దారిలో, ఇసకలో సైకిలు నడవక, దాన్ని నెట్టుకుంటూ ఒక మనిషి వస్తున్నాడు. తెల్ల యూనిఫారం, నెత్తిమీద గార్డు టోపీ. ఆ వేళకు డ్యూటీలో ఉండవలసిన పద్మనాభయ్య. దగ్గరికి వచ్చి సైకిలును ముత్యాలయ్య బండికి ఆనించాడు. పడవల వైపు నుంచి వస్తున్న పెద్దల్ని చూశాడు, వాళ్ళకు ఎదురుగా మామ పక్కన నిలబడ్డాడు.

"మామా," అన్నాడు, "ఇంకా చెప్పలేదు గదా?"